చిన్న సిస్టరుగారి కిటికీలు

అవనిగడ్డ దాటాక కరకట్ట దిగి కాస్త లోపలికి వెళితే వచ్చే ఒక ఊరికి, పోయిన నెల ఒకావిడ అంత్యక్రియలకని వెళ్ళాను. చర్చి చిన్నది, జనం ఎక్కువ. తెల్ల చీరల్లో వచ్చిన రిటైరైన నర్సులే ముందు బెంచీలన్నీ నింపేశారు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ నాకొక సంగతి వింతగా అనిపించింది. మేం కూర్చున్న ఎడమవైపు చల్లగా గాలి వస్తోంది. కుడివైపు వాళ్ళు మాత్రం పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. బయటికొచ్చాక పాస్టరుగారిని అడిగాను.

"ఎడంవైపు కిటికీలన్నీ ఆవిడ బాగుచేసినవేనమ్మా. ఎన్నేళ్ళ నుంచో బిగుసుకుపోయి ఉన్నాయి. మేమూ వాటిని వదిలేశాం. ఈ వైపు అయింది, క్రిస్మస్‌లోపు ఆ వైపు చేసేస్తానన్నారు. ఇంతలో ఇట్లా జరిగింది" అన్నారాయన. మళ్ళీ ఆయనే, "ఈ పని తెలిసినవాళ్ళు మీ విజయవాడలో ఎవరన్నా ఉన్నారా?" అని అడిగారు.

నాకు తెలిసినది ఆవిడ ఒక్కరే. పెట్టెలో పడుకుని ఉన్న ఆవిడను అప్పుడే చూసి వచ్చాను. గడియారం తియ్యలేదు. డయలు మణికట్టు లోపలివైపుకి తిప్పి ఉంది, ఎప్పట్లాగే. నాడి పట్టుకున్న చెయ్యి కదపకుండా టైము చూసుకోవడం కోసం ఉద్యోగంలో చేరిన రోజుల్లో అలా తిప్పుకున్నారట. తర్వాత మళ్ళీ తిప్పుకోలేదు.

మా వీధి భవానీపురంలో. మా ఎదురింట్లో ఇద్దరు నర్సులు ఉండేవారు. ఇద్దరూ పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరైనవాళ్ళు. ఇల్లు పెద్దావిడది, వాళ్ళ నాన్నగారు కట్టించింది. రెండో ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఇంటి వెనక గదిలోకి అద్దెకొచ్చి, అలాగే ఉండిపోయారు. అద్దె ఇవ్వడం ఎప్పుడు మానేశారో ఇద్దరికీ గుర్తులేదు. వీధిలో ఒకరిని పెద్ద సిస్టరుగారనీ, ఇంకొకరిని చిన్న సిస్టరుగారనీ అనేవాళ్ళం. డెబ్బై దగ్గరపడ్డా చిన్న సిస్టరుగారు చిన్న సిస్టరుగారే. చిన్నావిడ పెద్దావిడను అక్కా అని పిలిచేవారు. పెద్దావిడ గుడికి వెళ్ళే మనిషి, ఈవిడ చర్చికి వెళ్ళే మనిషి. పెద్దావిడకు పక్షవాతం వచ్చి మంచం పట్టాక సాయంత్రాలు దేవుడి గూట్లో దీపం పెట్టే పని కూడా ఈవిడే చేసేవారు.

"వత్తి వంకరగా ఉంది" అనేవారు మంచం మీద నుంచి పెద్దావిడ.

"వెలుగుతోందిగా అక్కా" అనేవారు ఈవిడ.

చిన్న సిస్టరుగారు పొట్టి మనిషి. నడక వేగం. భోజనం నిలబడే చేసేవారు. వార్డులో కూర్చుని తినే వీలెక్కడ, అలా అలవాటైపోయింది. ఏ పని ముట్టుకోవాలన్నా ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి, ఆఖరికి ముగ్గు వెయ్యాలన్నా. మనుషుల పేర్లు ఆవిడకు గుర్తుండేవి కావు. జబ్బులు గుర్తుండేవి. పాలాయన ఆవిడకు హెర్నియా. మా వీధి చివర కిరాణా షాపాయన టైఫాయిడ్. "టైఫాయిడ్ కొట్టు దాకా వెళ్ళొస్తా, అక్కని చూస్తూ ఉంటావా టీచరమ్మా" అని నన్ను అడిగేవారు. నన్ను టీచరమ్మా అనడానికి కారణం, నేను ఆవిడ చేతుల మీదుగా ఏ ఆపరేషనూ చేయించుకోలేదు. అది నా అదృష్టమో, మా ఇద్దరి మధ్యా లోటో ఇప్పటికీ చెప్పలేను.

ఆ ఇంటి కిటికీలు నిలువెత్తువి. టేకు చట్రాలు, మధ్యలో ఇనుప ఊచలు, పైన రెండు రెక్కలు, కింద రెండు రెక్కలు. ముందు గదిలో వీధి కిటికీ కిందే పెద్ద సిస్టరుగారి మంచం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినా మాట పోలేదు. మాట కొంచెం ముద్దగా వచ్చేది, అంతే. పొద్దున్న నేను బెంజ్ సర్కిల్ దగ్గర మా కాలేజీకి బయల్దేరేసరికి ఆ ఊచల వెనక నుంచి గొంతు వినిపించేది. "లేటైంది."

నిజంగా లేటైనా కాకపోయినా అదే మాట. పేపరబ్బాయికీ అదే, ఆటో స్టార్ట్ చేసుకుంటున్న మా పక్కింటాయనకీ అదే. సర్వీసంతా మేట్రన్‌గా డ్యూటీకి ఆలస్యంగా వచ్చేవాళ్ళను పట్టుకున్న మనిషి. మంచం మీద నుంచి కూడా వీధి మొత్తాన్ని డ్యూటీలో పెట్టుకున్నారు. మాకు కోపం రాలేదు. ఆ మాట వినపడకపోతే ఏదో మర్చిపోయి బయల్దేరినట్టుండేది.

బుడమేరు పొంగిన ఏడాది, ఆదివారం పొద్దున్న లేచేసరికి వీధిలోకి నీళ్ళు వచ్చాయి. ముందు మోకాళ్ళ దాకా, చూస్తుండగానే నడుం దాకా. మా ఇల్లు మేడ. మా ఆయన, పక్కింటాయన, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు కలిసి ఎదురింటికి వెళ్ళారు. పెద్ద సిస్టరుగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీని భుజాల మీదికి ఎత్తారు. చిన్న సిస్టరుగారు పక్కనే నీళ్ళలో నడుస్తున్నారు. వీధి మధ్యలో ఎవరికో కాలు జారింది. కుర్చీ ఒరిగింది. పెద్ద సిస్టరుగారు నీళ్ళలో మునిగిపోయారు.

నేను మేడ మీద నుంచి చూస్తున్నాను. అక్కడ ఇప్పుడు నీళ్ళూ, నలుగురు మగవాళ్ళూ మాత్రమే ఉన్నారు. ఇద్దరు సిస్టర్లూ కనపడలేదు. తర్వాత చిన్న సిస్టరుగారి తల పైకొచ్చింది, ఆ వెంటనే ఆవిడ రెండు చేతుల మధ్యా పెద్దావిడ ముఖం పైకొచ్చింది. ఆ ముఖాన్ని అలాగే నీళ్ళ పైకి ఎత్తి పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ, మా మెట్ల దాకా తీసుకొచ్చారు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

నీళ్ళు తగ్గేదాకా వాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. ఆ రోజులన్నీ పెద్ద సిస్టరుగారు ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరైనా భుజాల కింద చేతులు పెడితే కేకలు పెట్టేవారు. మంచం కొంచెం కదిలినా ఎడమ చేత్తో పట్టె గట్టిగా పట్టుకుని వణికేవారు. మళ్ళీ వాళ్ళింటికి తీసుకెళ్ళి పడుకోబెట్టిన రోజున ఆవిడ గోళ్ళు చిన్న సిస్టరుగారి మెడ మీద గీతలు పెట్టాయి. ఆ తర్వాత ఆవిడను ఎత్తే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. అవసరమైన పనులన్నీ చిన్న సిస్టరుగారే, పక్క మీదే, అంగుళం అంగుళం జరుపుతూ చేసుకునేవారు.

వరద వచ్చినప్పుడు ఆ ఇంటి కిటికీలన్నీ మూసే ఉన్నాయి. రోజుల తరబడి బురద నీళ్ళలో నాని, ఉబ్బి, ఎండాక వంకర్లు తిరిగి, చట్రాల్లో బిగుసుకుపోయాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. ముందు గదిలో పగలు కూడా ట్యూబ్‌లైట్ వెయ్యాల్సి వచ్చేది. పెద్ద సిస్టరుగారు గోడవైపుకి ముఖం తిప్పుకుని పడుకునేవారు. అన్నం రెండు ముద్దలు, అదీ బతిమాలితే. డాక్టరుగారు వచ్చి చూసి, నాలుకకు ఏమీ కాలేదు, మాట్లాడాలని ఆవిడకు లేదు, అని చెప్పి వెళ్ళారు.

అప్పటికి మా వీధంతా కిటికీలు మార్చేసుకుంటోంది. మా ఇంటి కింది భాగంలో మేమూ అల్యూమినియంవి పెట్టించాం. కిటికీలు అమర్చే మేస్త్రిని నేనే ఎదురింటికి తీసుకెళ్ళాను. ఆయన చట్రం మీద వేళ్ళతో కొట్టి చూశాడు.

"ఇవి పనికిరావమ్మా. గోడ కొట్టి చట్రంతో సహా లాగేసి కొత్తవి పెడతాం. మెషీను పెడితే ఎంతోసేపు పట్టదు. పేషెంటుగారిని ఆ నాలుగు రోజులూ ఎక్కడన్నా ఉంచండి."

"ఆవిడ కదలరు" అన్నారు చిన్న సిస్టరుగారు.

"పక్క గదిలోకైనా జరపాలి కదమ్మా. దుమ్ము, చప్పుడు."

"జరపడం కుదరదు. చప్పుడు కూడా కుదరదు. చప్పుడు లేకుండా చేస్తావా?"

"చప్పుడు లేకుండా ఎట్లా అవుద్దమ్మా" అని ఆయన నవ్వాడు. చిన్న సిస్టరుగారు నవ్వలేదు. ఆయన వెళ్ళాక కిటికీ దగ్గర నిలబడి, చట్రానికీ రెక్కకీ మధ్య ఎండిన బురదను గోటితో గీకి చూశారు.

"నేనే చేస్తా" అన్నారు.

ఆవిడకు ఆ పని రాదు. మేకు కొట్టడం కూడా నేను ఎప్పుడూ చూడలేదు. అందుకే ఆ మాటను నేను పట్టించుకోలేదు. మర్నాడు సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి ఆవిడ వసారాలో స్టూలు మీద నిలబడి, ఇంజెక్షన్ చేసే సిరంజితో తుప్పు పట్టిన బందుల్లోకి నూనె ఎక్కిస్తున్నారు. ఒక్కో బందుకీ కొంచెం కొంచెంగా, సూది లోపలికి దూర్చి, పిస్టన్ నెమ్మదిగా నొక్కుతూ. పొద్దునొక డోసు, సాయంత్రమొక డోసు. వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి నవ్వుకున్నారు. ఆవిడకు అది తెలుసు. ముక్కుకి మాస్కు కట్టుకుని, చేతులకు ఆసుపత్రి గ్లవ్స్ తొడుక్కుని, పాత చాకుతో రంగు పొరల మీద గీత గీస్తూనే ఉన్నారు. పచ్చరంగు కింద నీలం, నీలం కింద ఇంకో పచ్చరంగు. చప్పుడు వస్తుందని సుత్తి వాడలేదు. గదిలోంచి పెద్దావిడ మూలుగు వినిపిస్తే ఆపేవారు. మూలుగు ఆగితే మళ్ళీ మొదలు.

వారం తిరిగేసరికి ఒక బందు కదిలింది. ఆ సాయంత్రం నన్ను పిలిచి చూపించారు. "రాత్రంతా నిలకడగా ఉంది. పొద్దున్న నుంచి రెస్పాన్స్ ఉంది" అన్నారు. నేను నవ్వాను. ఆవిడ జోక్ చెయ్యలేదని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

మొదటి రెక్క ఊడి చేతికొచ్చాక, దాన్ని దుప్పట్లో చుట్టి ఆటోలో వన్ టౌన్ తీసుకెళ్ళారు. ఆ రోజు సెలవని నేనూ వెంట వెళ్ళాను. పాత కలప అమ్మే సందులో ఒక సాయిబుగారి కొట్టుంది. ఆయన ఇప్పుడు పని మానేశారు. కొడుకులు చూసుకుంటున్నారు. ఆయన ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఈవిడను చూడగానే కష్టపడి లేచి నిలబడ్డారు.

"రండి సిస్టరమ్మా."

"కూర్చోండి, కూర్చోండి. కుట్లు బాగున్నాయా?"

"ఎప్పటి కుట్లమ్మా. నా మనవడికి పెళ్ళయింది."

ఆయన అపెండిక్స్ సాయిబుగారు. ఆ ఆపరేషన్ ఎప్పుడో నేను పుట్టకముందు జరిగింది. రెక్కను బల్ల మీద పెట్టి ఆయన చేత్తో తడిమారు. కింది పట్టె మొత్తం పుచ్చిపోయిందనీ, పైది గట్టిగానే ఉందనీ, పుచ్చినంత మేర తీసేసి అంతే ముక్క అతకాలనీ చెప్పారు. కొడుకుతో చేయించి ఇస్తానన్నారు.

"మీవాడు మా ఇంటికి వచ్చి బిగిస్తాడా?"

"వస్తాడు. మెషీను తెచ్చుకుంటాడు."

"మెషీను వద్దు. నాకు నేర్పండి."

సాయిబుగారు ఆవిడ ముఖంలోకి చూసి, ఇంక వాదించలేదు. పొద్దుటిపూట పెద్దావిడ దగ్గర నేనో, మా అత్తగారో కూర్చునేవాళ్ళం. ఆ కాసేపూ ఈవిడ వన్ టౌన్ వెళ్ళి ఉలి పట్టడం, చిత్రిక పట్టడం నేర్చుకునేవారు. అంత మంచి శిష్యురాలేం కాదు. ఇంకోసారి వెళ్ళినప్పుడు నా ముందే ఆయన అన్నారు:

"ఉలి మీద కోపమెందుకమ్మా? అది ఎటు పోతానంటే అటు కొంచెం పోనివ్వండి."

"నా సర్వీసులో నా మాట వినని పేషెంటు లేడు సాయిబుగారూ."

"చెక్కకి మీరెవరో తెలియదు కదమ్మా" అన్నారాయన.

"నిజమే" అని ఆవిడ ఉలి మళ్ళీ పట్టుకున్నారు.

మొదటి రెక్క ఆవిడ చెయ్యడమైతే చేశారు గాని, కొలత పోయింది. చిత్రిక ఎక్కువ పట్టేశారు. బిగించాక చట్రానికీ రెక్కకీ మధ్య వేలు దూరేంత సందు. ఆ సందులోంచి మధ్యాహ్నపు ఎండ సన్నగా పెద్దావిడ ముఖం మీద పడింది. ఆవిడ కళ్ళు మూసుకుని, ముఖం ఇంకా గోడలోకి తిప్పుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. చిన్న సిస్టరుగారు ఆ ఎండ గీతనూ, ఆ ముఖాన్నీ చూశారు. స్క్రూడ్రైవర్ తీసుకుని, అప్పుడే బిగించిన బందులన్నీ విప్పి రెక్క దించేశారు. కిటికీకి ఆసుపత్రి పచ్చ గుడ్డ కట్టి, వెళ్ళి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నారు.

మళ్ళీ చెయ్యాలంటే ఎండిన పాత టేకు కావాలి. కొత్త చెక్క పెడితే మొదటి వానకే బిగుస్తుందని సాయిబుగారు చెప్పారట. ఆ వరదలో పాత కలపంతా తడిసి, ఆయన కొట్లో కూడా పనికొచ్చే ముక్క లేదు. కొన్నాళ్ళు ఆగమన్నారు.

ఆ తర్వాతి వారం పెద్దావిడకు జావ ఇవ్వడానికి వెళ్ళి, గ్లాసు కోసం వెనక గదిలోకి తొంగిచూశాను. అది చిన్న సిస్టరుగారి గది. నేల మీద చాప, దిండు. గోడకు ఆనించి నాలుగు చెక్కిన మంచం కోళ్ళు. అంతే.

"మీ మంచం ఏదండీ?" అని అడిగాను.

ఆవిడ వసారాలో ఉప్పుకాగితంతో రెక్కను రుద్దుతున్నారు. తలెత్తకుండానే చెప్పారు. "కిటికీలో ఉంది."

అది ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో చేయించుకున్న టేకు మంచం. పెళ్ళి చేసుకోనని వాళ్ళ నాన్నగారితో తేల్చి చెప్పిన ఏడు, ఇక తన సామాను తనే అమర్చుకోవాలని చేయించుకున్నానని ఒకసారి నాతో అన్నారు. దాని పట్టెలు కోసి రెక్కలకు అతుకులు వేస్తున్నారు.

"మరి మీరు నేల మీద పడుకుంటే ఎట్లా?"

"నడుముకి నేలే మంచిదని నేనెంతమందికి చెప్పానో. ఇప్పుడు నేను పడుకుంటే తప్పేముంది? జావ చల్లారిపోతుంది, వెళ్ళు."

నేను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. చదువులు, ఉద్యోగాలు, పిల్లల పెంపకాలు అని మేమంతా ఏవేవో పెద్ద పనులు చేస్తున్నామనుకునే వీధి మాది. ఒక మనిషి ఇంకో మనిషి కోసం ఇలా కూర్చుని, తన మంచాన్ని కోసి, ఉప్పుకాగితంతో రుద్దుకుంటూ ఉండడం నేనెక్కడా చూడలేదు. ఆవిడ చేతులు చూశాను. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి ఉంది. అయినా రుద్దడంలో ఎక్కడా తొందర లేదు. ఎప్పటికో ఒకప్పటికి అవుతుందని తెలిసిన చేతులు అవి.

చలికాలం మధ్యలో ముందు గది కిటికీ పూర్తయింది. నాలుగు రెక్కలూ బిగించి, రంగు వెయ్యకుండా అవిసె నూనె పట్టించారు. చెక్క తేనెరంగులోకి తిరిగింది. పాత టేకుకీ, మంచం టేకుకీ మధ్య అతుకు దగ్గరికెళ్ళి చూస్తేనే తెలుస్తుంది. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక, నన్నూ మా అత్తగారినీ పిలిచి, పచ్చ గుడ్డ విప్పారు. పై రెక్కలు ఒక వేలితో తోశారు. చప్పుడు లేకుండా తెరుచుకున్నాయి. తర్వాత కింది రెక్కలు. ట్యూబ్‌లైట్ ఆపేశారు.

గదిలోకి వెలుగొచ్చింది. పెద్ద సిస్టరుగారు గోడవైపే ఉన్నారు. మేం ఎదురుచూశాం. ఆవిడ తల తిప్పలేదు, మాట్లాడలేదు. మా అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయారు. నాకే ఏదో ఓడిపోయినట్టు అనిపించి, "అయ్యో, ఇంత చేశాక" అన్నాను.

"కిటికీ తెరుచుకుంది కదమ్మా" అన్నారు చిన్న సిస్టరుగారు. "నా పని అంతవరకే. చూడడం అక్క పని." ఊచల మీద దుమ్ము తుడిచి, ఆకలేస్తోందని వంటింట్లోకి వెళ్ళి, నిలబడే అన్నం తిన్నారు.

కొన్నాళ్ళ తర్వాత నేను పొద్దున్నే కాలేజీకి బయల్దేరి, బ్యాగ్‌లో బస్ పాస్ వెతుక్కుంటూ వాళ్ళ కిటికీ ముందు నుంచి వెళ్తున్నాను. ఊచల వెనక నుంచి వినిపించింది. బొంగురుగా, ముద్దముద్దగా.

"లేటైంది."

ఆగాను. కిటికీలోకి చూశాను. పెద్ద సిస్టరుగారి ముఖం ఇటువైపు ఉంది. కళ్ళు నా మీదే ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపు వంటింట్లోంచి చిన్న సిస్టరుగారు పరిగెత్తుకుంటూ వచ్చారు. చేతులనిండా గోధుమపిండి. ఆవిడ చేతులు కడుక్కోకుండా పెద్దావిడ మంచం దగ్గరికి రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఏమంది? ఏమంది?" అని నన్ను అడిగారు.

"లేటైంది అన్నారండీ."

"నాకు వినపడలేదు. మళ్ళీ వెళ్ళు."

"ఎక్కడికి?"

"మీ గేటు దగ్గరికెళ్ళి మళ్ళీ రా. మామూలుగా నడిచి రా."

నేను వెనక్కి వెళ్ళాను. వీధిలో అందరూ చూస్తున్నారు. మా గేటు దగ్గర నిలబడి, బ్యాగ్ సర్దుకుని, మళ్ళీ ఆ కిటికీ ముందుకి నడిచి వచ్చాను. చిన్న సిస్టరుగారు పిండి చేతులు గాల్లో పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉన్నారు. పెద్ద సిస్టరుగారు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"ఇందాకే వెళ్ళావుగా" అన్నారు.

చిన్న సిస్టరుగారు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ నవ్వుతూ మంచం పట్టె పట్టుకుని నేల మీద కూర్చుండిపోయారు. పట్టెనిండా పిండి అయింది. "ఏంటా నవ్వు, పిల్లది డ్యూటీకి వెళ్ళొద్దా" అని పెద్దావిడ కసురుకున్నారు. ఆ రోజు నేను నిజంగానే లేటయ్యాను. మా ప్రిన్సిపాల్‌గారికి ఏం కారణం చెప్పానో నాకు గుర్తులేదు.

పెద్ద సిస్టరుగారు ఆ వేసవీ, ఆ పైన వానలూ కిటికీలోంచే చూశారు. అన్నం తిన్నారు, వత్తులకు వంకలు పెట్టారు. మళ్ళీ చలి మొదలవుతుండగా ఒక పొద్దున్న, చిన్న సిస్టరుగారు తల దువ్వుతుంటే, అలాగే ఆ చేతుల్లోకి తల వాల్చి వెళ్ళిపోయారు.

ఇల్లు పెద్దావిడ మేనల్లుళ్ళకు వచ్చింది. వాళ్ళలో పెద్దతను గుంటూరులో ఇంజనీరు, మంచివాడు. చిన్నత్తయ్యా అంటూ ఈవిడ చేతుల్లో పెరిగినవాడే. అన్నదమ్ములు నలుగురూ కలిసి ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటుకు ఇవ్వాలనుకున్నారు. ఆ సంగతి చెప్పడానికి తలదించుకుని వచ్చాడు. "నీకు కుదిరినప్పుడే వెళ్ళు చిన్నత్తయ్యా, తొందరేం లేదు" అన్నాడు. ఎండలు ముదిరేలోపు అవనిగడ్డ దగ్గర ఉన్న తన అన్న కూతురి ఇంటికి వెళ్తానని ఆవిడ చెప్పారు. తేలిగ్గానే చెప్పారు.

అప్పటికి ముందు గది తర్వాత హాలు కిటికీలూ, పక్క గదివీ కూడా ఆవిడ బాగుచేసేశారు. వంటింటిదీ, వెనక గదివీ మిగిలాయి. మర్నాడు పొద్దున్న నేను బయల్దేరేసరికి ఆవిడ వసారాలో వంటింటి కిటికీ రెక్క ముందు పెట్టుకుని రంగు గీకుతున్నారు. నాకు అర్థం కాలేదు. పడగొట్టే ఇల్లని మర్చిపోయారేమో అనుకున్నాను. అడగడానికి నోరు రాలేదు. వారం తర్వాత ఆ మేనల్లుడే మళ్ళీ వచ్చి చూసి, అడిగాడు. నేనక్కడే ఉన్నాను.

"ఎందుకు చిన్నత్తయ్యా ఈ కష్టం? ఎటూ తీసేస్తాం కదా."

ఆవిడ గీకడం ఆపలేదు. "రేపు పోతాడని తెలిసిన పేషెంటుకి ఇవాళ దుప్పటి మారుస్తామా, మార్చమా?"

అతను రెక్క దగ్గరికి వచ్చాడు.

"మారుస్తాం" అన్నారు ఆవిడే. "ఆ చివర పట్టుకో, బందు బిగించాలి."

అతను చేతి గడియారం తీసి జేబులో పెట్టుకుని, రెక్క చివర పట్టుకున్నాడు. బిగించడం అయ్యేదాకా పట్టుకునే ఉన్నాడు. అతని ముఖం చూడకూడదని నేను ఇవతలికి వచ్చేశాను.

ఆ ఇంట్లో కిటికీలన్నీ పూర్తయిన రెండో రోజున ఆవిడ వెళ్ళిపోయారు. ఒక సంచీ, పాత తువ్వాల్లో చుట్టిన ఉలి, చిత్రిక. ఇల్లంతా ఒకసారి తిరిగి ప్రతి కిటికీ మూసి గడియ పెట్టారు. వసారాలో కుళాయి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుని, పమిటతో తుడుచుకుని, ఆటో ఎక్కారు. "వస్తానమ్మా టీచరమ్మా. నీరసంగా ఉన్నావు, బ్లడ్ టెస్ట్ చేయించుకో" అన్నారు. చేయించుకుంటే రక్తం నిజంగానే తక్కువుంది.

తొలకరి ముందు ఇల్లు పడగొట్టడానికి మనుషులొచ్చారు. నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. గునపాలతో నలుగురు. ఒకతను ముందు గది కిటికీ దగ్గరికి వెళ్ళి గునపం ఎత్తాడు. ఎందుకో ఆగాడు. గునపం గోడకు ఆనించి, లోపలికి వెళ్ళి గడియ తీసి, పై రెక్కను వేలితో తోశాడు. అది తెరుచుకుంది. మళ్ళీ మూశాడు, మళ్ళీ తెరిచాడు. మిగతావాళ్ళను పిలిచాడు. నలుగురూ వచ్చి ఒకరి తర్వాత ఒకరు తోసి చూశారు. అతుకుల మీద బొటనవేలితో తడిమి చూశారు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. కాసేపటికి ఒకతను వీధి చివరికి వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. నూనె పట్టి ఉన్న స్క్రూలు తేలిగ్గా తిరిగాయి. మధ్యాహ్నం దాకా ఆ నలుగురూ గోడ మీద ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. రెక్కలన్నీ ఒక్కొక్కటిగా విప్పి, ఇద్దరేసి పట్టుకుని, మా గోడ నీడలో వరసగా నిలబెట్టారు. మధ్యమధ్య పాత సంచులు పెట్టారు, ఒకదానికొకటి గీసుకోకుండా.

నేను ఉండబట్టలేక ఆవిడకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను, గునపం గోడకు ఆనించిన దగ్గర్నుంచి. ఆవిడ మధ్యలో ఆపకుండా విన్నారు. అయ్యాక అటునుంచి కాసేపు చప్పుడు లేదు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను.

"అక్కడ మబ్బు పట్టిందా?" అని అడిగారు.

తలెత్తి చూశాను. కొండ మీదుగా నల్లగా వస్తోంది. "పట్టిందండీ."

"అయితే నాతో మాట్లాడతావేం? కిందికెళ్ళి, వాటిని మీ వసారాలోకి పెట్టించు. వాళ్ళకి కాస్త టీ కూడా ఇవ్వు" అని ఫోన్ పెట్టేశారు.